బండి లైట్ల రంగు మార్చే ముందు

విజయవాడ ఆటోనగర్‌లో అడిగిన రంగు లైటు అడిగినంత సేపట్లో బిగించి ఇస్తారు. జరిమానా మాత్రం బిగించినవాడికి కాదు, బండి యజమానికి. అందుకే డబ్బు చేతిలోంచి తీయకముందే ఇవి చూసుకోండి.

☐ బండికి ముందువైపు ఎర్ర కాంతి, వెనకవైపు ఎరుపు కాక మరో కాంతి కనిపించకూడదన్నది 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని మాట. రివర్సు లైటు, నంబరు ప్లేటు మీది తెల్ల లైటు, నారింజ ఇండికేటర్లకు మినహాయింపు ఉంది. వెనక లైటుకు నీలం స్టిక్కరు అంటించాలనుకుంటే ఆ ఆలోచన ఇక్కడే మానుకోండి.

☐ పైన తిరిగే ఎర్ర, నీలి బుగ్గలు అసలు వద్దు. 2017 మే నుంచి మంత్రులకే లేవు, మనకెందుకు?

☐ 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

☐ హాలోజన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైటు డూములో ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. వారధి మీద రాత్రి ఎదురొచ్చే బండ్లను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

☐ 60/55 వాట్ల (హై బీమ్/లో బీమ్) హెడ్‌లైటు బల్బు చోట 100/90 వాట్లది బిగిస్తే హోల్డరు ప్లాస్టిక్ మెత్తబడుతుంది, వైర్లు కాలతాయి. వారంటీ కూడా పోవచ్చు.

☐ పాత బల్బులు అడిగి వెనక్కు తీసుకోండి.