ఒక దేశ చరిత్రను యుగాలవారీగా చదవడం ఎలా?

రాజుల జాబితా బట్టీపట్టి, నెల తిరిగేసరికి అంతా మర్చిపోయి, చరిత్ర తమకు రాదనుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. లోపం జ్ఞాపకశక్తిలో లేదు, చదివిన పద్ధతిలో ఉంది.

1. దేశ చరిత్రంతా చెప్పే ఒక చిన్న పుస్తకం, అట్లాస్, పొడవాటి కాగితం, పెన్సిల్ తీసుకోండి. టైమ్‌లైన్ యాప్‌లు వద్దు. చేత్తో గీసిందే గుర్తుంటుంది.

2. పుస్తకాన్ని ఆగకుండా ఒకసారి చదివేయండి. నోట్స్ రాయకండి. రాతియుగం నుంచే వివరంగా మొదలుపెట్టినవాళ్లు మధ్యయుగాల దాకా కూడా రారు.

3. కాగితం మీద యుగాలు మొదలైన ఏళ్లు గుర్తించండి. జపాన్ అయితే నారా 710, హేయాన్ 794, కామకురా 1185, మురోమాచి 1336, ఎదో 1603, మేజీ 1868. మొదటిసారికి ఇవి చాలు.

4. ఇప్పుడు యుగాల మధ్య సరిహద్దులు. అందరూ తొందరపడేది ఇక్కడే. ఈ మెట్టుకు మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి.

జపాన్ ఉదాహరణే చూడండి. తొకుగావా ఇయెయాసు షోగన్ (దేశాన్ని ఏలే సైనిక పాలకుడు) అయ్యింది 1603లో. కానీ సెకిగహారా యుద్ధం గెలిచింది 1600లో. ప్రత్యర్థులైన తొయొతొమి వంశం ఒసాకాలో నాశనమైంది 1615లో. మరి ఎదో యుగం ఎప్పుడు మొదలైనట్టు? మూడింటికీ కారణాలున్నాయి. ఆ కారణాలు రాసుకోవడమే చదువు.

ఎదో యుగం ముగింపు ఇంకా చిక్కు. ప్రతి సరిహద్దు దగ్గరా 'మార్పు ఎవరికి?' అని అడగండి. షోగన్ల పాలన పోయి చక్రవర్తి పేరుతో కొత్త ప్రభుత్వం వచ్చింది 1868లో. ప్రాంతీయ ప్రభువుల సంస్థానాలు రద్దయింది 1871లో. రైతు కట్టే శిస్తు ధాన్యం నుంచి డబ్బులోకి మారడం 1873లో మొదలైంది. సమురాయ్ యోధులు కత్తులు ధరించకూడదన్న ఆజ్ఞ 1876లో వచ్చింది. అందుకే 1868 దగ్గర ఒక గీత గీసి ఊరుకోకండి. అమెరికా నౌకలు వచ్చిన 1853 నుంచి 1876 దాకా పెన్సిల్‌తో ఒక పట్టీలా నింపండి.

మరో జాగ్రత్త: యుగానికి తగిలించిన ముద్రను నమ్మకండి. ఎదో కాలాన్ని 'తలుపులు మూసుకున్న దేశం' అంటారు. అయినా నాగసాకి రేవు దగ్గర దెజిమా దీవిలో డచ్చివాళ్లతో వ్యాపారం నడిచింది, చైనా వర్తకులూ వచ్చారు. కొత్త ప్రభుత్వాలకు పాత కాలాన్ని చీకటిగా చూపించే అవసరం ఉంటుంది, కాబట్టి వాళ్ల మాట ఒక్కటే వినకూడదు.

5. ఒక్కో యుగానికి ఒక మ్యాప్ గీయండి. రాజధాని, ఓడరేవులు, దేశ సరిహద్దులు ఉంటే సరిపోతుంది.

6. చివరగా మొదటిదానితో విభేదించే రెండో పుస్తకం చదవండి. అది యుగాన్ని వేరే ఏడాది దగ్గర విడగొడితే, ఆ ఏడాదినీ కారణాన్నీ మీ పట్టీలోకి ఎక్కించండి.