పిల్లల నవల రాద్దాం – 4వ పాఠం: నాన్న ఆన్‌సైట్ వెళ్ళాడట

గత మూడు పాఠాల్లో మన నవలకి మనుషులు కుదిరారు. సిరికి పదకొండేళ్ళు, ఆరో తరగతి. బెంగళూరు మారతహళ్ళిలో అద్దె ఫ్లాట్. అమ్మానాన్నలిద్దరిదీ సాఫ్ట్‌వేర్. ఇంట్లో సాయంగా ఉండటానికి నెల్లూరు నుంచి వచ్చిన అమ్మమ్మ. కింది అంతస్తులో ఆదిత్య, సిరి క్లాసే. వాళ్ళమ్మ పోయి రెండేళ్ళయింది, ఈమధ్యే వాళ్ళ నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. దసరా సెలవులయ్యాక సిరి వాళ్ళ నాన్న ఇల్లు వదిలి వెళ్ళాడు. ఈ పాఠంలో తేల్చుకోవలసింది ఒకటే: ఆ సంగతి సిరికి ఎలా తెలియాలి?

కొత్తగా రాసేవాళ్ళు ఈ ఘట్టాన్ని సాధారణంగా ఇలా రాస్తారు. అమ్మ సిరిని పక్కన కూర్చోబెట్టుకుని “నేనూ మీ నాన్నా ఇక కలిసి ఉండం” అంటుంది. సిరి కళ్ళలో నీళ్ళు. అమ్మమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటుంది. పేజీ అయిపోతుంది. రాసిందాంట్లో తప్పేమీ లేదు గానీ చదివే పిల్లకి చేయడానికి పనేం మిగల్లేదు.

పైగా మన ఇళ్ళలో పిల్లల్ని కూర్చోబెట్టి ఇలాంటివి చెప్పేవాళ్ళు ఎంతమంది? చావైతే పిల్లల్ని పక్కింటికి పంపేస్తాం. పెద్దకర్మ కూడా అయ్యాక తాతయ్య దేవుడి దగ్గరికి వెళ్ళాడంటాం. భార్యాభర్తలు విడిపోతే నాన్నకి పని ఎక్కువైందంటాం. బెంగళూరులో దీనికి రెడీమేడ్ అబద్ధం ఒకటుంది, ఆన్‌సైట్, అంటే కంపెనీ పని మీద విదేశం వెళ్ళడం. ఐటీవాళ్ళుండే అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరి నాన్న ఎప్పుడూ ఆన్‌సైట్‌లోనే ఉంటాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అమ్మ అదే చెప్పింది: నాన్న అమెరికాలో డాలస్ వెళ్ళాడు.

ఇక కథని లాక్కెళ్ళేది ఈ అబద్ధమే. సిరి దాన్ని కొంచెం కొంచెంగా పట్టుకోవాలి. చదివే పిల్ల సిరి కంటే అరడుగు ముందుండాలి, అంతకు మించి వద్దు.

ఒక నోట్‌బుక్ పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటి దాంట్లో పెద్దవాళ్ళు చెప్పింది. రెండో దాంట్లో సిరి చూసింది, విన్నది. మూడో దాంట్లో సిరి అనుకున్నది. మొదటి రెండూ అందరూ బాగానే నింపుతారు, మూడోది ఖాళీగా వదిలేస్తారు. అసలు పని అక్కడే ఉంది. ఉదాహరణకి, నాన్న పాస్‌పోర్ట్ బీరువాలోనే ఉంది. అది చూసి సిరి “అమ్మ అబద్ధం చెప్పింది” అనుకోదు. “అయ్యో, నాన్న మర్చిపోయాడు, అక్కడ పోలీసులు పట్టుకుంటారేమో” అని టెన్షన్ పడుతుంది. పిల్లలు ముందు పెద్దవాళ్ళని నమ్మి, ఆ నమ్మకం నిలబెట్టుకోవడానికే లెక్కలు వేసుకుంటారు. ఆ లెక్క తప్పడం చదివేవాళ్ళకి కనిపించాలి.

నేను రాసిన ముక్క ఒకటి చూడండి. నెల డిసెంబరు. అంతవరకూ మామూలు ఫోన్లే, ఇదే మొదటి వీడియో కాల్. పొద్దున ఏడు గంటలు, స్కూల్ వ్యాన్ రావడానికి ఇంకా టైముంది.

“తిన్నావా అమ్మలూ?” అన్నాడు నాన్న.

“లేదు, అమ్మమ్మ దోసె పోస్తోంది.”

నాన్న వెనక కిటికీకి కర్టెన్ లేదు. ఎండ పక్కగా వచ్చి ఆయన చెవి మీద పడుతోంది. చెవి అంచు ఎర్రగా మెరుస్తోంది. కింద ఎక్కడో “సొప్పూ... సొప్పూ...” అని ఎవరో అరిచారు.

“నాన్నా, అక్కడ కూడా ఆకుకూరలు అమ్ముకుంటూ వస్తారా?”

నాన్న మ్యూట్ నొక్కాడు. మళ్ళీ తీసి, “టీవీలే” అన్నాడు.

సిరి దోసె తింది. ఇంకోటి వేయించుకుంది. వ్యాన్‌లో ఆదిత్యతో, “మా నాన్న అమెరికాలో కూడా కన్నడ టీవీ చూస్తున్నాడు” అంది. ఆదిత్య ఏమీ అనలేదు. టిఫిన్ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాడు.

ఇందులో రెండో దోసెని కొట్టేయమని మీకు తెలిసిన పెద్దమనిషెవరైనా సలహా ఇస్తే వినకండి. పిల్లలు దుఃఖంలో పొద్దస్తమానం కూర్చోరు. కాసేపు అందులో ఉంటారు, బయటికొచ్చి ఆడుకుంటారు, మళ్ళీ వెళతారు. సిరి మనసులో ఎక్కడో అనుమానం పడింది, ఆకలీ వేసింది.

ఇప్పుడు అసలు సంగతి బయటపడాలి. సిరి మెట్రోలో నాన్నని యాదృచ్ఛికంగా చూసినట్టు రాయాలని మీ చెయ్యి లాగుతుంది. రాయకండి. ఇంత పెద్ద ఊళ్ళో తండ్రీకూతుళ్ళని ఒకే పెట్టెలోకి తోస్తే అది మీ పనే అవుతుంది, సిరి చేసిందేమీ ఉండదు. సిరి దగ్గరే ఆయుధం ఉంది, ఆరో తరగతి సోషల్ పుస్తకం. అందులో రేఖాంశాల పాఠం ఉంటుంది. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. డాలస్ గడియారం చలికాలంలో 90 డిగ్రీల పశ్చిమ రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. రెండూ కలిపితే 172.5, దాన్ని 15తో భాగిస్తే పదకొండున్నర గంటలు. మనకి పొద్దున ఏడైతే వాళ్ళకి ముందురోజు రాత్రి ఏడున్నర. టీచర్ లండన్‌కి చేయమన్న లెక్కని సిరి సరదాకి డాలస్‌కి చేస్తుంది. జవాబు సరిచూసుకుంటుంది. మళ్ళీ చేస్తుంది. చెవి మీద ఎండ అక్కడ గుర్తొస్తుంది.

నెల డిసెంబరు అని పట్టుబట్టింది ఇందుకే. ఇదే ఘట్టం జూన్‌లో పెడితే లెక్క బెడిసికొడుతుంది. వేసవిలో అమెరికావాళ్ళు గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా పదిన్నర గంటలవుతుంది. మన ఏడుకి డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నర, జూన్‌లో అప్పటికింకా వెలుతురుంటుంది. పదకొండేళ్ళ పాఠకులు ఇలాంటివి వదలరు, వెతికి మరీ పట్టుకుంటారు.

ఆదిత్య సంగతి. అతనికి మొదటి వారంలోనే అనుమానం వచ్చింది, కానీ చెప్పలేదు. ఎందుకు? వాళ్ళమ్మ పోయినరోజు అతన్ని మూడో అంతస్తులో ఎవరి ఫ్లాట్‌లోనో కూర్చోబెట్టి చేతికి వీడియో గేమ్ ఇచ్చారు. ఆ మధ్యాహ్నం ఏడో లెవెల్ దాటి ఎగిరి గంతేశాడు. తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ గేమ్ పేరెత్తితే లేచి వెళ్ళిపోతాడు. తెలియకముందు నవ్విన నవ్వు సిరికి ఇంకొన్నాళ్ళు ఉండనిద్దామని అతని ఉద్దేశం. ఇది సిరికి ద్రోహంలా కనిపిస్తుంది. వాళ్ళ స్నేహం తెగేదీ ఇక్కడే. దయచేసి అతని నోట్లో కౌన్సెలర్ మాటలు పెట్టకండి. “కాలమే మాన్పుతుంది” అనే పదకొండేళ్ళ పిల్లాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆదిత్య చెల్లికి ఇప్పుడు ఐదేళ్ళు, అప్పుడు మూడు. అంత చిన్నపిల్లలకి చావంటే తిరిగిరాకపోవడమని అర్థం కాదు. 1948లో మరియా నాగీ అనే పరిశోధకురాలు హంగరీ పిల్లలతో మాట్లాడి ఇది రాసింది. ఐదేళ్ళలోపు వాళ్ళు చావుని నిద్రలా, ప్రయాణంలా అనుకుంటారని, తొమ్మిది పదేళ్ళకి అది ఆఖరని అర్థమవుతుందని ఆమె చెప్పింది. ఇంకా ముందే అర్థమవుతుందని తర్వాతివాళ్ళు అన్నారు, కాబట్టి వయసుల్ని గీత గీసినట్టు పట్టుకోవద్దు. మనకి పనికొచ్చేదేమిటంటే, చెల్లి కొత్తగా వచ్చినావిడని వారంలోనే అమ్మా అని పిలిచేసింది, ఆదిత్య ఇంకా ఏ పిలుపూ లేకుండా “ఇదిగో” అంటూ నెట్టుకొస్తున్నాడు.

కోర్టు గురించి క్లుప్తంగా. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ ప్రకారం ఇద్దరూ ఒప్పుకుని విడాకులు కోరాలంటే సాధారణంగా అప్పటికి ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి. అర్జీ పెట్టాక ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల్ని కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే డిసెంబరులో మన సిరికి విడాకుల కాగితాలు దొరకవు. చాలా రాతప్రతుల్లో సొరుగులోంచి లీగల్ నోటీసు దొరుకుతుంది, ఆ సొరుగు మూసేయండి.

ఈ వారం అభ్యాసం: సోషల్ క్లాస్ నుంచి ఇంటికొచ్చిన సిరి సాయంత్రాన్ని రెండు పేజీల్లో రాయండి. ఎవరూ విడాకులు అనే మాట అనకూడదు, సిరి ఏడవకూడదు, అమ్మని నిలదీయకూడదు. అమ్మమ్మ వంటింట్లో ఉండాలి, ఆమెకి అంతా తెలుసు. సిరి ఆమెని ఒకే ఒక్క ప్రశ్న అడగాలి, అది టైము గురించి అయ్యుండాలి. రాసింది దగ్గర పెట్టుకోండి. 5వ పాఠంలో నాన్న సిరిని కబ్బన్ పార్క్ బాల భవన్‌కి తీసుకెళ్ళి బొమ్మ రైలు ఎక్కిస్తాడు. ఆ రైలుకి తను పెద్దదైపోయానని చెప్పాలా వద్దా అన్నది సిరి తేల్చుకోవాలి.