స్మార్ట్ కాంట్రాక్ట్‌లో ఎర్రర్ వస్తే ఎలా పట్టుకోవాలి?

బెంగళూరు మారతహళ్లిలో మా రూమ్‌లో నలుగురం తెలుగువాళ్లం. ఇథీరియం బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్‌లను, అంటే స్మార్ట్ కాంట్రాక్ట్‌లను, రాసే భాష సాలిడిటీ. అది నేర్చుకుంటూ, సెపోలియా టెస్ట్‌నెట్ (ఉత్తుత్తి డబ్బుతో పరీక్షించుకునే నెట్‌వర్క్) మీద ఒక చీటీ కాంట్రాక్ట్ రాశాం. మొదటి నెల చీటీ పాడుకున్నవాడికి డబ్బు ఇచ్చేసినట్టు లెక్కలో పడింది. అతని వాలెట్‌లో మాత్రం ఏమీ లేదు. ఎర్రరూ రాలేదు! ఆ రాత్రంతా ఒకటే టెన్షన్.

దొంగ సెండ్ (డబ్బు పంపే ఆదేశం) దగ్గర దొరికాడు. సెండ్ విఫలమైతే లావాదేవీ ఆగదు, ఫాల్స్ అని మాత్రం చెబుతుంది. అతని వాలెట్ కూడా ఒక కాంట్రాక్టే. డబ్బు అందగానే నడిచే దాని కోడ్‌కు సెండ్ ఇచ్చే 2300 గ్యాస్ (కోడ్ నడవడానికి అయ్యే ఖర్చు కొలత) చాల్లేదు. మేం ఆ ఫాల్స్‌ను చూడనే లేదు. అందుకే సెండ్ గానీ, డబ్బు పంపే మరో పద్ధతి కాల్ గానీ వాడితే, వచ్చిన జవాబు చూసి, ఫాల్స్ అయితే వెంటనే రివర్ట్ చేయండి, అంటే లావాదేవీని రద్దు చేయండి.

అయితే అందరికీ ఒకే లూప్‌లో పంచుతూ ఇలా చేస్తే, ఒక్కరికి అందకపోయినా మిగతావాళ్లదీ ఆగిపోతుంది. ఎవరి వాటా వాళ్ల పేరున రాసిపెట్టి, వాళ్లనే వచ్చి తీసుకోనివ్వండి. తీసుకునేటప్పుడు ముందు వాటాను సున్నా చేసి, తర్వాతే డబ్బు పంపండి. లేదంటే వాటా సున్నా అయ్యేలోపే అవతలి కాంట్రాక్ట్ మళ్లీ మళ్లీ తీసుకోగలదు. 2016లో ద డావో అనే ఇథీరియం పెట్టుబడి నిధి నుంచి దాదాపు 36 లక్షల ఈథర్ (ఇథీరియం కరెన్సీ) పోయింది ఈ వరస తప్పినందుకే.

ఇక షరతులు. సభ్యుడేనా, వాయిదా సరిపోయిందా వంటివి ఫంక్షన్ మొదట్లోనే రిక్వైర్‌తో అడగండి; షరతు తప్పితే అది రివర్ట్ చేస్తుంది. రివర్ట్ అయితే మార్పులన్నీ వెనక్కి పోతాయి గానీ, అప్పటిదాకా ఖర్చయిన గ్యాస్ తిరిగి రాదు. సాలిడిటీ వెర్షన్ 0.8.4 నుంచి సొంత ఎర్రర్‌లు రాసుకోవచ్చు. రిక్వైర్‌లో ఎర్రర్‌గా రాసే పొడుగు వాక్యం కంటే గ్యాస్ తక్కువ పడుతుంది. పైగా కట్టింది ఎంత, కట్టాల్సింది ఎంత అనే అంకెలు కూడా పంపొచ్చు. నాకైతే ఇదే నచ్చింది.

అసర్ట్ కూడా రిక్వైర్‌లా షరతు చూసేదే, కానీ దాన్ని ఎప్పటికీ జరగకూడని వాటికే ఉంచండి. కాంట్రాక్ట్ బ్యాలెన్స్ మన లెక్కకు సరిగ్గా సమానమని మాత్రం అసర్ట్ పెట్టకండి. బయటివాళ్లు బలవంతంగా ఈథర్ పంపగలరు, అప్పుడు చీటీ మొత్తం బిగుసుకుపోతుంది. తక్కువ కాకూడదని పెడితే చాలు.

ఎర్రర్ వచ్చినా ఆగిపోకుండా దాన్ని పట్టుకునే ట్రై-క్యాచ్ బయటి కాంట్రాక్ట్‌ను పిలిచేటప్పుడు, కొత్త కాంట్రాక్ట్ సృష్టించేటప్పుడు మాత్రమే పనిచేస్తుంది.

చివరగా, కాంట్రాక్ట్‌లను పరీక్షించే టూల్ ఫౌండ్రీలో, ఎక్స్‌పెక్ట్ రివర్ట్‌తో (ఇక్కడ రివర్ట్ కావాలి అని చెప్పే ఆదేశం) ప్రతి ఎర్రర్‌కూ ఒక టెస్ట్ రాయండి. డబ్బు తీసుకోవడానికి నిరాకరించే చిన్న కాంట్రాక్ట్ ఒకటి రాసి, దాన్నే చీటీలో సభ్యుడిగా చేర్చి చూడండి. మా తప్పు అప్పుడే బయటపడి ఉండేది.