చిన్న తెరచాప పడవతో అట్లాంటిక్ దాటాలంటే డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి

పాత 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ కొన్నవాళ్ళు ముందుగా వెతికేది పెద్ద స్క్రీన్, ఫ్రిజ్, వాటర్‌మేకర్ (ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం). ఆ లిస్టు కాసేపు పక్కన పెట్టండి. ఆఫ్రికా పక్కనున్న స్పెయిన్ వాళ్ళ కానరీ దీవుల్లోని లాస్ పామాస్ నుంచి కరీబియన్ దీవి సెయింట్ లూసియాకి దాదాపు 2,700 నాటికల్ మైళ్ళు, ఈ సైజు పడవకి మూడు వారాల పైమాటే, మధ్యలో మెకానిక్ అనేవాడు ఉండడు. కాబట్టి ముందు పడవ మునగకుండా, మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) పడిపోకుండా చూసే పనులు. సుఖాలు తర్వాత.

పడవని ఒడ్డుకి ఎక్కించినప్పుడే అడుగున నీళ్ళు లోపలికీ బయటికీ వెళ్ళే ప్రతి వాల్వునీ విప్పి చూడండి. మామూలు ఇత్తడివైతే ఉప్పునీళ్ళకి అందులోని జింక్ పోయి లోపల గుల్లబారతాయి, పైకి మాత్రం శుభ్రంగానే కనిపిస్తాయి. గీరి చూస్తే పసుపు బదులు గులాబీ రంగు తేలిందంటే ఇంక ఆలోచించక్కర్లేదు, మార్చేయడమే. ఒక్కో వాల్వుకి సరిపోయే మెత్తటి చెక్క బిరడా దాని పక్కనే తాడుతో కట్టి ఉంచండి, చీకట్లో నీళ్ళు తన్నుకొస్తుంటే టూల్‌బాక్స్ వెతికే టైమ్ ఉండదు.

మాస్ట్‌ని పట్టుకునే స్టీలు తీగలు ఎప్పుడు వేశారో తెలియకపోతే కొత్తవి వేయించండి, ఖర్చు ఎక్కువే, తప్పదు. బాగున్నాయనుకున్నవాటిని కూడా తీగ ఫిట్టింగ్‌లోకి దూరే చోట, ముఖ్యంగా కింది కొసన, దూదితో తుడవండి, పీచు చిక్కుకుందంటే అక్కడ పోగు తెగినట్టే. 19 పోగుల్లో ఒక్కటే కదా అనుకోవద్దు, మిగతావీ దాని ఈడువే. మాస్ట్ నిజంగా పడితే అది పడవ పొట్టని పొడవకముందే తీగలు తెంచి వదిలించుకోవాలి, అందుకు బోల్ట్ కట్టర్, రెండు డజన్ల హాక్సా బ్లేడ్లు. ఇక వెనక గాలితో రోజుల తరబడి వెళ్తుంటే తెరచాప తాళ్ళు ఒకేచోట రాసుకుని తెగుతాయి, రోజూ ఓ బెత్తెడు జరపడం అలవాటు చేసుకోండి.

చుక్కాని ఇరవై నాలుగు గంటలూ మనుషులు పట్టుకోలేరు. నా ఓటు విండ్‌వేన్‌కే, అది పడవ వెనక బిగించే గాలి రెక్క, గాలితోనే చుక్కానిని తిప్పుతుంది, కరెంట్ అడగదు. ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ తెరచాప పడవల రేసులో ఎలక్ట్రానిక్ ఆటోపైలట్‌కి అనుమతే లేదు, 2023లో అందులో రెండో స్థానంలో వచ్చిన మన అభిలాష్ టోమీ ప్రపంచం చుట్టొచ్చింది విండ్‌వేన్‌తోనే. గాలి బొత్తిగా లేనప్పటికి చిన్న ఎలక్ట్రిక్ పైలట్ ఒకటి చాలు.

కరెంట్ లెక్క కాగితం మీద వేయండి. 12 వోల్టుల సిస్టమ్‌లో 100 వాట్ల ప్యానెల్ ఎండ బాగుంటే రోజుకి సుమారు 30 యాంప్-అవర్స్ (బ్యాటరీలో చేరే కరెంట్ కొలత) ఇస్తుంది, తెరచాప నీడ పడితే అదీ రాదు. చిన్న ఫ్రిజ్ ఒక్కటే అంత మింగేస్తుంది. లైట్లు, ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడలు కనిపించే పరికరం), దగ్గరి ఓడలతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో, ఫోన్ల ఛార్జింగ్ దీనికి అదనం. లెడ్ బ్యాటరీలో సగం మించి వాడకూడదు కాబట్టి దాని మీద 200 యాంప్-అవర్స్ అని రాసి ఉంటే 100 అనుకోండి. ఈ లెక్క చూశాక చాలామంది ఫ్రిజ్ మానేస్తారు, మానేయొచ్చు కూడా. పప్పు, బియ్యం, ఉల్లిపాయలు, ఆవకాయ ఉంటే ఫ్రిజ్‌తో పనేముంది? మన ప్రెషర్ కుక్కర్ అయితే పడవ కోసమే చేశారా అనిపిస్తుంది, ఎంత ఊగినా మూత ఊడదు, గ్యాసూ ఆదా. గ్యాస్ సిలిండర్ మాత్రం కేబిన్‌లో పెట్టొద్దు, లీకైతే గాలికంటే బరువు కాబట్టి పడవ అడుక్కి చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది.

తాగడానికి, వంటకి మనిషికి రోజుకి నాలుగు లీటర్లు, ఇద్దరికి 30 రోజులకి 240. అన్నీ ఒకే ట్యాంకులో వద్దు, అది పాడైతే ఇంక అంతే, కొంత క్యాన్లలో ఉంచండి. గిన్నెలు సముద్రం నీళ్ళతో కడగండి.

లైఫ్‌రాఫ్ట్ (పడవ మునిగితే ఎక్కే గాలి తెప్ప) సర్వీసు తేదీ, ఆపదలో శాటిలైట్‌కి సిగ్నల్ పంపే ఈపర్బ్ బ్యాటరీ గడువు, దాని రిజిస్ట్రేషన్ చూసుకోండి. డెక్ మీద ముందు నుంచి వెనక్కి పట్టీ కట్టి, రాత్రి ఎవరు పైకి వచ్చినా ఒంటికి కట్టుకున్న తాడుని దానికి తగిలించుకునే రావాలి.

ఇవన్నీ అమర్చాక నేరుగా అట్లాంటిక్‌కి వద్దు. స్పెయిన్‌లోని కాదిస్ నుంచి కానరీలకి అయిదారు రోజుల ప్రయాణం, ట్రయల్‌కి సరిగ్గా సరిపోతుంది. డీజిల్ ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి ఆ కుదుపులకే లేచి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది, స్పేర్ ఫిల్టర్లు అరడజను పెట్టుకోండి. ఏది విరిగిందో, ఏది కారిందో, కరెంట్ రోజుకి ఎంత అయిందో నోట్‌బుక్‌లో రాస్తూ వెళ్ళండి. లాస్ పామాస్‌లో పడవ సామాన్ల షాపులు ఉన్నాయి, హరికేన్ల సీజన్ నవంబర్ ఆఖరుదాకా ఉంటుంది, అది అయ్యేదాకా ఆగాలి కాబట్టి నోట్‌బుక్‌లోని ఆ లిస్టు పూర్తి చేయడానికి మీకు టైమూ ఉంటుంది.