పూర్వీకుల మరణ తేదీ దొరక్కపోతే

వంశవృక్షంలో ఎవరి మరణమో ఎంతకీ దొరక్కపోతే, పేరు పట్టుకుని వెతకడం కాసేపు ఆపండి. ముందు రెండు కాగితాలు తేల్చుకోండి: ఆ మనిషి బతికి ఉన్నట్టు చూపే ఆఖరిది, లేరని చూపే మొదటిది. మొదటి రకానికి జనగణన, ఓటర్ల జాబితా, సాక్షి సంతకం పనికొస్తాయి. రెండోదానికి పిల్లల పెళ్లి నమోదులో తండ్రి చనిపోయారన్న మాట, వారసుల పేరిట మారిన ఆస్తి దస్తావేజు చూడండి. భార్య పేరు పక్కన ‘వితంతువు’ అని ఉన్నా పూర్తిగా నమ్మొద్దు, భర్త వదిలేసినవాళ్లు కూడా అలా రాయించుకునేవారు. ఉదాహరణకు, మరణం 1871కీ 1879కీ మధ్య అని తేలితే ఆ ఏళ్ల రిజిస్టర్లను పేజీ పేజీ చదవడం సాధ్యమే.

అయినా లేదంటే చాలాసార్లు వెతికే ఊరే తప్పు. మరణం సాధారణంగా నమోదయ్యేది బతికిన చోట కాదు, ప్రాణం పోయిన చోట. ముసలితనంలో కూతురింటికి చేరినవాళ్లు, దూరాన ఆసుపత్రిలో పోయినవాళ్లు అక్కడి పుస్తకంలోనే ఉంటారు. అందుకే పెళ్లయిన పిల్లలందరి ఊళ్లూ చూడాలి.

వయసు అయిదారేళ్లు తేడా ఉన్నంత మాత్రాన నమోదును పక్కన పెట్టకండి, అది చెప్పింది పోయినవారు కాదు. వీలునామా కోర్టులో ధ్రువీకరించిన తేదీ మాత్రం మరణ తేదీ కాదు, ఒక్కోసారి అది ఏళ్ల తర్వాత జరుగుతుంది.