మేడ మీదికి నీళ్లెక్కించే మోటారు: కరెంటులో పనికొచ్చేదెంత?

మోటారు మీద 1 హెచ్‌పీ అని ఉంటే అది 746 వాట్లే లాగుతుందని చాలామంది లెక్కేస్తారు. 746 అనేది ఇరుసు దగ్గర తేలే పవర్. మీటరు నుంచి లాగేది అంతకంటే ఎక్కువే. ఎంతెక్కువో ఒక పూటలో తేల్చేయొచ్చు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఓ మూడంతస్తుల మేడ, కింద కొళాయి నీళ్లు పడే సంపు, పైన 1000 లీటర్ల ట్యాంకు అనుకోండి.

ముందు ఎత్తు. పురికొసకి రాయి కట్టి, ట్యాంకులోకి నీళ్లు పడే పైపు మూతి ఎత్తు నుంచి సంపులో నీటి మట్టం దాకా కొలవండి. నేల దాకా కొలిచి ఆపేయడం మామూలుగా జరిగే పొరపాటు. 15 మీటర్లు వచ్చిందనుకుందాం. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి పని 1000 × 9.8 × 15 = 1,47,000 జౌళ్లు. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అంటే నీళ్లు పైకెత్తడానికి నిజంగా కావాల్సింది 0.04 యూనిట్ మాత్రమే. పైపు అడ్డంగా ఎన్ని మలుపులు తిరిగినా ఈ అంకె మారదు, రాపిడి ఖర్చు పెరుగుతుందంతే.

ఇప్పుడు మీటరు దగ్గరికి రండి. ఆ మీటరు మీద నడిచే లిఫ్టు, మెట్ల లైట్లు ఆపించండి. మీటరు మీద యూనిట్‌కి 3200 ఇంపల్స్ అని ఉంటే, ఎర్రలైటు మిణుక్కుమన్నప్పుడల్లా 1125 జౌళ్లు ఖర్చయినట్టు. స్విచ్ వేయగానే మోటారు ఎక్కువ లాగుతుంది కనుక ఓ నిమిషం ఆగండి. స్టాప్‌వాచ్ నొక్కిన మిణుకుని ‘సున్నా’ అనండి. ‘ఒకటి’ అన్నారా, లెక్కలో ఒకటి ఎక్కువైపోతుంది. పది మిణుకులకి 10 సెకన్లు పడితే 1125 వాట్లు.

తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి 230 వోల్టులతో గుణిస్తే సరిపోదా అంటే, సరిపోదు. మోటారుకి పవర్ ఫ్యాక్టర్ ఉంటుంది, అంటే అలా గుణించగా వచ్చినదాంట్లో కొంత భాగమే అసలు వాట్లు. అందుకే వాట్లు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తాయి. రెండు తీగలకీ కలిపి తగిలిస్తే అసలు సున్నాయే చూపిస్తుంది.

ట్యాంకు 15 నిమిషాల్లో నిండితే, నీళ్లెత్తడానికి పనికొచ్చింది 1,47,000 ÷ 900 = 163 వాట్లు. 1125లో 163 అంటే నూటికి 14.5. తక్కిందంతా వేడి, రాపిడి, పంపులో నీటి సుడులు. అంగుళం పైపులో నీళ్లు సెకనుకి సుమారు 2.2 మీటర్లు పరిగెడతాయి. ఆ వేగానికయ్యే శక్తి లీటరుకి రెండున్నర జౌళ్లే, ఎత్తుకయ్యేది 147. పైపు అంగుళంపావుకి మారిస్తే, అదే ధార మీద రాపిడి నష్టం మూడో వంతు దాకా దిగుతుంది. మోటారు మార్చేముందు ఇది చూడటం మేలు.

ఈ అంకెలు గోడ మీద రాసుంచి ఆరు నెలలకోసారి మళ్లీ కొలవండి. నిండే టైము పెరిగి వాట్లు తగ్గితే, సంపులోంచి నీళ్లు లాగే సక్షన్ పైపు ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా ఆ పైపు అడుగునుండే ఫుట్ వాల్వ్ జల్లెడ మూసుకుపోయింది. టైము అంతే ఉండి వాట్లు పెరిగితే బేరింగులు చూడండి. సముద్రపు గాలికి ఇక్కడ తుప్పు తొందరగా పడుతుంది. ఆపాక ఇరుసు చేత్తో తిప్పితే గరగరమంటుందేమో చూడండి, మెయిన్ స్విచ్ తీసేశాకే.