గినీ పిగ్‌ను కొత్తగా తెచ్చుకున్నవారికి: మేత, నివాసం

గినీ పిగ్‌ను అమ్మేటప్పుడు కుందేలు మేత పొట్లం ఒకటి, చిన్న తీగల బోను ఒకటి జతచేసి పంపడం మన నగరాల్లోని దుకాణాలలో మామూలే. ఆ రెండూ దానికి సరిపడవు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో గుంపులుగా తిరుగుతూ గడ్డి మేసిన జంతువుల సంతతి ఇది.

దీని ఆహారంలో అధిక భాగం, అంటే సుమారు 80 శాతం, ఎండుగడ్డే కావాలి. దాని పళ్ళన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక, పీచు గల గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి తగిన మేరకు అరుగుతాయి. నమలడం తగ్గితే దవడపళ్ళు పెరిగి నాలుకకు అడ్డుపడడమే కాక, పేగుల కదలిక కూడా మందగిస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే తిమోతి గడ్డి ఇందుకు శ్రేష్ఠం. పశువుల మేతగా చవకగా దొరికే లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ కావడంతో, ఆరు నెలలు దాటినవాటికి రోజూ పెడితే మూత్రాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదముంది. కూనలకు, చూలుతో ఉన్నవాటికి పెట్టవచ్చు. వరిగడ్డి పడకగా పరచడానికి పనికొస్తుందే తప్ప, పోషకాలు తక్కువ కాబట్టి మేతకు బదులు కాదు. పురుగుమందు చల్లని చోట కోసిన పచ్చి గరికను మాత్రం అవి ఎంతో ఇష్టంగా తింటాయి.

మనిషిలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సిని శరీరంలో తయారుచేసుకోలేదు. కుందేలు చేసుకోగలదు కనుక దాని మేతలో ఆ విటమిన్ కలపవలసిన అవసరం ఉండదు. దుకాణదారు ఇచ్చే పొట్లంతో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. లోపం ముదిరితే కీళ్ళు వాచి జంతువు కుంటుతుంది, బొచ్చు గరుకుబారుతుంది, చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు అవసరం కాగా, ఒక మోస్తరు క్యాప్సికంలో పావు వంతు పెడితే ఒక గినీ పిగ్‌కు ఇంచుమించు సరిపోతుంది. దానికి తోడుగా కొత్తిమీర, కీరా ముక్కలు పెట్టవచ్చు. జామపండులో ఈ విటమిన్ పుష్కలంగా ఉన్నా చక్కెర కూడా ఉంటుంది గనుక, వారానికి ఒకటి రెండు సార్లు బొటనవేలి కొనంత ముక్క చాలు. విటమిన్ చుక్కలను తాగే నీళ్ళలో కలపడం నిష్ప్రయోజనం. అది నీటిలో త్వరగా క్షీణిస్తుంది, పైగా రుచి మారితే జంతువు నీళ్ళు తాగడమే తగ్గించవచ్చు. పాలకూర అప్పుడప్పుడు మాత్రమే పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, అవకాడో, అన్నం, బిస్కెట్లు, పాలు అసలే వద్దు; పిల్లలున్న ఇంట్లో ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పుకోవడం మంచిది.

నివాసం విషయానికొస్తే, ఒంటరిగా పెంచితే ఇది బెంగపెట్టుకుంటుంది కనుక కనీసం రెండింటిని ఉంచాలి. ఆ రెండింటికీ ఏడున్నర చదరపు అడుగులు, అంటే మూడడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, కనీస కొలత. ఇవి ఎక్కేవి కావు, పరుగెత్తేవి. కాబట్టి అంతస్తుల బోను కన్నా విశాలమైన నేల మేలు. తీగల నేల మీద పాదాలు ఒరిసి పుండ్లు పడతాయి గనుక, గట్టి నేల మీద పాత తువ్వాళ్ళు, వాటిపై ఫ్లీస్ అనే మెత్తని నూగు గుడ్డ పరచాలి. వడ్రంగి దుకాణంలోని సన్నని రంపపు పొట్టు ఊపిరితిత్తులకు చేటు. దాక్కోవడానికి పెట్టే అట్టపెట్టెకు రెండు ద్వారాలు కోయడం మరవకూడదు. ఒకటే ఉంటే బలమైనది బలహీనమైనదాన్ని మూలకు నెట్టేస్తుంది. రెండూ ఆడవేనని దుకాణదారు చెప్పినా పశువైద్యునికి ఒకసారి చూపించుకోవాలి, ఎందుకంటే ఆడది నెల వయసుకే చూలు కట్టగలదు.

మన వేసవే వీటికి అసలు పరీక్ష. 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఇవి హాయిగా ఉంటాయి. 30 దాటితే వడదెబ్బ ప్రమాదం ఎక్కువ. వీటికి చెమట పట్టదు కనుక ఫ్యాను గాలి ఒక్కటే చాలదు. బాల్కనీలో ఉంచకుండా ఇంట్లో అతి చల్లని గదిలోకి మార్చి, గడ్డకట్టించిన నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాలి.

వారానికొకసారి వంటింటి త్రాసు మీద తూచి బరువు రాసుకుంటే, పైకి కనబడని జబ్బు ముందే తెలుస్తుంది. సగం రోజు మేత ముట్టకపోతే రేపు చూద్దామనుకోకుండా అదే రోజు వైద్యుని వద్దకు తీసుకెళ్ళాలి. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందును నోట్లో వేయడం మాత్రం ఎన్నడూ చేయరాదు. అది పేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణం మీదికి తెస్తుంది.